రెండో ఏడాదిని పట్టించుకునేదెవరు?

డిగ్రీ చదువు ముందుకు సాగడమంటే కాగితం మీద చాలా తేలికైన లెక్క. మొదటి ఏడాది గట్టెక్కితే రెండోది, అదీ గట్టెక్కితే మూడోది. 1999 నాటి బొలోన్యా ప్రకటనతో ఐరోపా దేశాలు తమ డిగ్రీలను ఒక తీరుకు తెచ్చుకోవడం మొదలుపెట్టాయి. అక్కడ పూర్తి ఏడాది చదువంటే 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. మూడేళ్ల డిగ్రీకి 180 అన్నమాట. అమెరికాలో నాలుగేళ్లకు సాధారణంగా 120. క్రెడిట్‌ను లెక్కగట్టే తీరు వేరు. ఎటు చూసినా ఏడాదికో సమాన వాటా. విద్యార్థి కూడా ఏడాదికింత చొప్పున ఎదుగుతూ పోతారని ఆ లెక్క చూసినవాళ్లు అనుకుంటే తప్పేం లేదు.

ఫిజిక్స్ పాఠాలు చెప్పే నాకు తరగతిలో కనిపించేది అది కాదు. మార్పు సమాన వాటాలుగా రాదు. మొదటి ఏడాదిలో పైకి చాలా కదలిక ఉంటుంది, లోపల మారేది తక్కువ. చివరి ఏడాదిలో అప్పటికే మారినవాళ్లు ఇంకాస్త పదునెక్కుతారు. అసలు మలుపు తిరగడమో, తిరగకుండా అక్కడే నిలబడిపోవడమో జరిగేది రెండో ఏడాదిలో. విశ్వవిద్యాలయాలు తమ శ్రద్ధనంతా రెండు చివరలకూ పంచేసి, సరిగ్గా ఆ నడిమి కాలాన్ని పిల్లల మానాన పిల్లలకు వదిలేశాయి. ఈ పద్ధతి మారాలని గట్టిగా నమ్ముతున్నాను.

ముందు "మలుపు" అని దేన్ని అంటున్నానో చెప్పాలి. లఘులోలకం ప్రయోగం అందరికీ తెలిసిందే. దారానికి చిన్న ఇనుప గుండు కట్టి ఊపుతారు. స్టాప్‌వాచ్‌తో 20 డోలనాలకు ఎంత సమయం పట్టిందో చూసి, దాన్నుంచి గురుత్వ త్వరణం విలువ లెక్కిస్తారు. మొదటి ఏడాది ప్రయోగమే అయినా దీన్ని నేను పై ఏడాదుల వాళ్లచేత కూడా చేయిస్తుంటాను. మొదటి ఏడాదిలో వాళ్లు రాసిన రికార్డు పక్కన పెట్టి కొత్తది చూస్తే, క్రెడిట్ల పట్టీలో కనిపించనిది ఇక్కడ కనిపిస్తుంది.

దారం పొడవు 99 సెంటీమీటర్లు, 20 డోలనాలకు 40.1 సెకన్లు వచ్చాయనుకుందాం. లెక్క చేస్తే 9.72 వస్తుంది. పుస్తకంలో ఉన్నది 9.81. మొదటి ఏడాది విద్యార్థి ముఖంలో టెన్షన్ అప్పుడే మొదలవుతుంది. "సార్, 9.8 రావాలి కదా?" అని అడుగుతారు. అడగనివాళ్లు రబ్బరు తీసుకుని 40.1ని 39.9 చేస్తారు. ఇందులో మోసం చేయాలన్న బుద్ధి ఏమీ లేదు. సరైన జవాబు ఎక్కడో పుస్తకంలో ఉంది, ప్రయోగం చేసేది ఆ జవాబు దగ్గరికి చేరడానికే అని వాళ్ల నమ్మకం. బడిలో పన్నెండేళ్లు నేర్పింది కూడా అదే.

రెండో ఏడాదికి వచ్చేసరికి అదే విద్యార్థి 9.72ని అలాగే ఉంచుతారు. కింద "మానవ తప్పిదం, గాలి నిరోధం వల్ల తేడా వచ్చింది" అని ఒక వాక్యం రాస్తారు. ఏ ప్రయోగం కిందైనా అదే వాక్యం. అడిగితే "ఎవరికి వచ్చింది వాళ్లకి సార్, ఎర్రర్స్ ఉంటాయి కదా" అంటారు. ఇది కొంత ముందడుగే, ఒప్పుకుంటాను. పుస్తకం దేవుడు కాదని తెలిసింది. కానీ దాని బదులు వచ్చింది మరో సుఖమైన చోటు: అన్ని జవాబుల్లోనూ తప్పులుంటాయి కాబట్టి ఏ జవాబైనా ఒకటే.

కొంతమంది అక్కడ ఆగరు. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను అటూఇటూ అయినా, 40 సెకన్లలో అది అర శాతం, లెక్కలో సమయాన్ని వర్గం చేయాలి కాబట్టి ఫలితంలో ఒక శాతం. అంటే 0.1 మేర తేడా ఎలాగూ ఉంటుంది, కాబట్టి 9.72కీ 9.81కీ నిజానికి తగాదా లేదు. ఇంతవరకు వచ్చాక, "అయినా నేను ఎన్నిసార్లు చేసినా తక్కువే ఎందుకు వస్తోంది?" అన్న అనుమానం పుడుతుంది. చేయి తడబడితే విలువ ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోవాలి. ఎప్పుడూ ఒకవైపే లాగుతోందంటే కారణం చేతిలో లేదు. అప్పుడు తెలుస్తుంది, దారం పొడవు కొలిచాం గానీ గుండు వ్యాసార్ధం కలపలేదని. ఆ ఒక్క సెంటీమీటరు కలిపితే 9.82.

ఇంకా చురుకైనవాళ్లు కలపనైనా కలపరు. దారం పొడవును మార్చి మార్చి, ఆవర్తన కాలం (ఒక డోలనానికి పట్టే సమయం) వర్గంతో గ్రాఫు గీస్తారు. మరిచిపోయిన వ్యాసార్ధం గీత వాలును ఏమీ చేయలేదు, కాబట్టి త్వరణం సరిగ్గానే వస్తుంది. గీత మాత్రం మూలబిందువు గుండా పోదు. దాన్ని వెనక్కి పొడిగిస్తే పొడవు అక్షాన్ని సున్నాకు సెంటీమీటరు ఎడంగా కోస్తుంది. మరిచిపోయిన గుండు అక్కడ దొరుకుతుంది. ఈ గీత చూసి ఒక అమ్మాయి "తప్పు ఎక్కడుందో గ్రాఫే చెప్తోంది సార్" అంది. అధ్యాపకులకు ఇంతకంటే కావలసింది లేదు.

ఈ మూడు మెట్లను మొదట కనిపెట్టింది నేనేమీ కాదు. హార్వర్డ్‌లో విలియం పెర్రీ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 1950ల నుంచి విద్యార్థులను ప్రతి ఏడాది చివర కూర్చోబెట్టి, ఆ ఏడాదిలో మీకు ముఖ్యమనిపించింది ఏమిటని తీరిగ్గా మాట్లాడించారు. 1970లో ఆ పరిశోధన పుస్తకంగా వచ్చింది. అందులో ఆయన తొమ్మిది స్థానాలు చెప్పారు. మొదట అంతా తప్పు-ఒప్పుల లోకం, అధ్యాపకుడికి జవాబు తెలుసు, మన పని దాన్ని పట్టుకోవడం. తర్వాత ఎవరి అభిప్రాయం వాళ్లదే. ఆ తర్వాతే, ఏ అభిప్రాయానికి ఏ ఆధారం, ఏ సందర్భంలో అది నిలబడుతుంది అన్న బేరీజు. చివరికి అనిశ్చితి ఉందని తెలిసి కూడా ఒక పక్షాన నిలబడగలగడం. నా ల్యాబ్ రికార్డుల్లో కనిపించేది దాదాపు ఇదే. పెర్రీ చెప్పినదాంట్లో నాకు బాగా పట్టిన మాట మరొకటుంది. ఈ దారిలో వెళ్తూ వెళ్తూ కొందరు ఏడాదికేడాది ఒకేచోట కాలక్షేపం చేస్తారు, కొందరు వెనక్కి పాత చోటికే వెళ్లిపోతారు. కాలం గడిచినంత మాత్రాన ఎవరూ ఎదగరని ఆయన అప్పుడే గమనించారు.

పెర్రీ మాట్లాడించినవాళ్లలో ఎక్కువమంది అబ్బాయిలే. ఆ లోటు తర్వాత కొంత పూడింది. ఒహాయోలోని మయామీ విశ్వవిద్యాలయంలో మార్షియా బాక్స్టర్ మగోల్డా అనే విద్యా పరిశోధకురాలు 1986లో 101 మంది అమ్మాయిలు, అబ్బాయిలతో మొదలుపెట్టి ఏళ్ల తరబడి వాళ్లను అనుసరించారు. మొదటి ఏడాదిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది, జ్ఞానమంటే అధ్యాపకుడి దగ్గర తయారుగా ఉండే సరుకు అనే చోటే ఉన్నారు. తర్వాత ఎక్కువమంది, కొన్ని విషయాల్లో జవాబు ఖాయం, కొన్నింట్లో కాదు అనే నడిమి స్థితికి వచ్చారు. చదువు ముగిసేదాకా చాలామంది అక్కడే ఉండిపోయారు. ఆధారాలను తూచి సొంతంగా తీర్పు చెప్పే చోటికి డిగ్రీ పూర్తయ్యేలోపు చేరినవాళ్లు చాలా కొద్దిమంది. పట్టా చేతికొచ్చింది, మలుపు మాత్రం డిగ్రీ బయట, ఉద్యోగాల్లో, జీవితంలో తిరిగింది. ఇది చదివి ఊరుకోవడం నావల్ల కాదు.

ఇక రెండో ఏడాదికే ఇంత పట్టింపు ఎందుకంటారా? ఆ ఏడాది లోపలికి వెళ్లి చూడాలి. మొదటి ఏడాది పాఠాల్లో చాలా భాగం బడిలో విన్నదే, ఇంకాస్త లోతుగా. పాత తెలివితేటలతో నెట్టుకురావచ్చు. మూడో సెమిస్టర్‌లో ఆ ఊతం పోతుంది. ఫిజిక్స్‌లో విద్యుదయస్కాంతత్వం వస్తుంది. దాని వెనకే, దానికి కావలసిన గణితం, వెక్టర్ కాలిక్యులస్ వస్తుంది. మొదటి ఏడాది గణితం అంచు మార్కులతో పాసైనవాళ్లకు అప్పుడు తెలుస్తుంది, పాసవడం వేరు, రావడం వేరు అని. బ్యాక్‌లాగ్ ఒక్కటే ఉన్నా దాని మీద ఆధారపడ్డ సబ్జెక్టులు రెండు మూడు ఉంటాయి. ఎకనామిక్స్‌లో గణాంకాలతో, చరిత్రలో మూల పత్రాలను సొంతంగా చదవాల్సి రావడంతో ఇదే జరుగుతుందని ఆ శాఖల మిత్రులు చెబుతుంటారు.

దానికి తోడు మొదటి ఏడాది కోర్సే ఒక్కోసారి చెడుపు చేసి పంపుతుంది. నోబెల్ బహుమతి అందుకున్న భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ బృందం కొలరాడో విశ్వవిద్యాలయంలో ఒక సర్వే తయారుచేసి 2006లో ప్రచురించింది. ఫిజిక్స్ అంటే ఏమిటని విద్యార్థులు అనుకుంటున్నారో కోర్సుకు ముందూ తర్వాతా అడిగి పోల్చే సర్వే అది. చాలా ప్రాథమిక కోర్సుల్లో, కోర్సు అయ్యేసరికి వాళ్ల అభిప్రాయాలు నిపుణుల ఆలోచనకు దగ్గరవడం మాని ఇంకా దూరం జరిగాయి. ఫిజిక్స్ అంటే విడివిడి సూత్రాల మూట, బయటి లోకంతో దానికి పనిలేదు అన్న నమ్మకం చదివాక ఇంకా గట్టిపడింది. ఆ నమ్మకంతోనే వాళ్లు రెండో ఏడాది గదిలోకి వస్తారు.

సరిగ్గా అప్పుడే చుట్టూ ఉన్న సందడి ఆగిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లన్న ప్రత్యేకత ఉండదు. "ఎలా ఉన్నావు, అర్థమవుతోందా?" అని అడిగేవాళ్లు కొత్త బ్యాచ్ వైపు తిరుగుతారు. ఈ కోర్సు నాకెందుకు అన్న ప్రశ్న మొదటిసారి గట్టిగా వచ్చేదీ ఈ ఏడాదే. చేరిన హుషారు పోయింది, చివరికి చేరువయ్యామన్న ఊరట ఇంకా రాలేదు.

మొదటి ఏడాది మీద పెట్టే శ్రద్ధను నేను తప్పుపట్టడం లేదు. దానికి మంచి చరిత్రే ఉంది. 1970లో విద్యార్థుల ఆందోళన చూశాక అమెరికాలోని దక్షిణ కరొలైనా విశ్వవిద్యాలయం 1972లో కొత్త విద్యార్థుల కోసం ప్రత్యేక కోర్సు పెట్టింది, తర్వాత ఆ ఒరవడి ఎన్నో చోట్లకు పాకింది. అక్కడి పేరున్న సాంకేతిక విద్యాసంస్థ ఎంఐటీలో మొదటి సెమిస్టర్‌లో తప్పినా బయటికి వెళ్లే మార్కుల పట్టీలో అది కనిపించదు. వాల్టన్, కోహెన్ అనే మనస్తత్వవేత్తలు 2011లో ప్రచురించిన ప్రయోగం ఇంకా గొప్పది. "నేను ఇక్కడికి సరిపోనేమో అన్న భయం మొదట్లో అందరికీ ఉంటుంది, క్రమంగా పోతుంది" అని సీనియర్లు చెప్పిన అనుభవాలను కొత్త విద్యార్థుల చేత చదివించి, తమ మాటల్లో రాయించారు. గంటకు మించని పని. అయినా నల్లజాతి విద్యార్థుల మార్కులు ఆ తర్వాతి మూడేళ్లూ మెరుగయ్యాయి, తెల్లజాతి విద్యార్థులతో ఉన్న అంతరం దాదాపు సగానికి తగ్గింది. సరైన సమయంలో చెప్పిన మాటకు ఇంత బలం ఉంటే, రెండో ఏడాది మొదట్లో అలాంటి మాట ఎందుకు చెప్పం? "సబ్జెక్టు అర్థంకాకుండా పోతున్నట్టు అనిపించే కాలం ఇదే, ఇది నీ ఒక్కరికే కాదు" అని చెప్పడానికి ఖర్చేముంది?

చివరి ఏడాది సంగతి సరేసరి. ప్రాజెక్టు, వైవా, గైడు, ఇంటర్వ్యూలు. ప్రతి విద్యార్థికీ పేరుపెట్టి పిలిచే ఒక అధ్యాపకుడు దొరుకుతాడు. మంచిదే. కానీ నాలుగు సెమిస్టర్లు జవాబులు అప్పజెప్పినవాళ్లను ఐదో సెమిస్టర్‌లో పిలిచి "నీ సొంత ప్రశ్న చెప్పు" అంటే ఎక్కడి నుంచి తెస్తారు? పాత ప్రాజెక్టు రిపోర్టు తెచ్చి అంకెలు మారుస్తారు. ఇది మొదటి ఏడాదిలో రబ్బరుతో చేసిన పనే, పెద్ద సైజులో.

రెండో ఏడాదిలో ఆగిపోయిన విద్యార్థిని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే గంట మోగదు. అటెండెన్స్ సరిపడా ఉంటుంది. ఇంటర్నల్ మార్కులు ఫర్వాలేదు. తప్పిన పేపర్లు లేవు. గత ఐదేళ్ల ప్రశ్నపత్రాలు దగ్గర పెట్టుకుని, ఏ యూనిట్ వదిలేయొచ్చో చూసుకుని, అరవై మార్కులు తెచ్చుకుంటారు. తరగతిలో వెనక బెంచీ కూడా కాదు, మధ్య బెంచీల్లో ఉంటారు. అడిగితే జవాబు చెప్తారు, తమంతట తాము ఏదీ అడగరు. మన ఏర్పాట్లన్నీ తప్పినవాళ్లను గుర్తించడానికే ఉన్నాయి. తప్పకుండానే ఆగిపోయినవాళ్లు ఏ జాబితాలోనూ రారు. అరమ్, రొక్సా అనే సామాజిక శాస్త్రవేత్తలు 2011లో, అమెరికాలో మొదటి రెండేళ్లలో 45 శాతం మంది విద్యార్థుల ఆలోచనా శక్తిలో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించలేదని రాసినప్పుడు పెద్ద దుమారమే రేగింది. వాళ్లు లెక్కగట్టిన తీరు మీద గట్టి విమర్శలే వచ్చాయి, అందుకే ఆ అంకె మీద నా వాదన నిలబెట్టను. కానీ మధ్య బెంచీలు చూసినవాళ్లు ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేరు.

"వాళ్లేమైనా చిన్నపిల్లలా? కష్టపడనివ్వండి, అదే నేర్పుతుంది" అనే సహోద్యోగులున్నారు. కష్టం నేర్పుతుందన్న మాట నిజమే. అయితే ఎలాంటి కష్టమో చూడాలి. 1970ల చివర కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో యూరీ ట్రైస్మన్ అనే గణితజ్ఞుడు, కాలిక్యులస్‌లో చైనా మూలాలున్న విద్యార్థులు ఎందుకు రాణిస్తున్నారు, నల్లజాతి విద్యార్థులు ఎందుకు తడబడుతున్నారు అని తెలుసుకోవాలనుకున్నారు. ఆసక్తి లేదు, పునాది లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు అని అధ్యాపకులు తలో కారణం చెప్పారు. ఆయన విద్యార్థుల వెంటే ఉండి చూస్తే అవేవీ నిలబడలేదు. నల్లజాతి విద్యార్థులు గంటలకొద్దీ శ్రద్ధగానే చదువుతున్నారు, కానీ ఒంటరిగా. అవతలివాళ్లు ముందు ఎవరికి వారు చేసుకుని, తర్వాత కూడి కూర్చుని ఒకరి లెక్క ఒకరు దిద్దుకుంటున్నారు. ఎక్కడ చిక్కుకున్నా, ఆ చిక్కు తన ఒక్కడిదా అందరిదా అన్నది వాళ్లకు తెలిసేది. ట్రైస్మన్ అప్పుడు ట్యూషన్ పెట్టలేదు. వెనకబడ్డవాళ్లకు తేలిక లెక్కలు ఇవ్వలేదు. మామూలు కన్నా కష్టమైన లెక్కలిచ్చి బృందాలుగా కూర్చోబెట్టారు. ఫలితాలు బాగా మారాయి. ఒంటరిగా పడే కష్టం "నాకు రాదు" అని నేర్పుతుంది. నలుగురితో పడే కష్టం "ఇది కష్టమైనది" అని నేర్పుతుంది. రెండో ఏడాదిలో మన పిల్లలు పడేది ఎక్కువగా మొదటి రకం.

రెండో అభ్యంతరం: అప్పటికి వాళ్లకు ఏం తెలుసని సొంత ప్రశ్నలు, పరిశోధనలు? ముందు పునాది పడనివ్వాలి కదా. దీనికి జవాబు ఎంఐటీలో 1969 నుంచీ ఉంది. మార్గరెట్ మెక్‌వికర్ అక్కడ మొదలుపెట్టిన కార్యక్రమంలో డిగ్రీ విద్యార్థులు అధ్యాపకుల నిజమైన పరిశోధనల్లో పనిచేస్తారు, చివరి ఏడాది దాకా ఆగనక్కర లేకుండా. అందరి దగ్గరా ఎంఐటీ డబ్బు ఉండదంటారు. నిజమే. అందుకే లఘులోలకం గురించి అంత చెప్పాను. దారం, గుండు, స్టాప్‌వాచ్ ఉంటే చాలు. "నీ విలువ ఎప్పుడూ తక్కువే ఎందుకొస్తోంది?" అన్నది నిజమైన ప్రశ్న. విద్యార్థి దగ్గరున్న జ్ఞానంతోనే దాన్ని తేల్చవచ్చు, కానీ ఏ గైడు పుస్తకంలోనూ జవాబు దొరకదు. ప్రశ్న పెద్దదై ఉండనక్కరలేదు, అధ్యాపకుడు ముందే జవాబు విప్పి చెప్పకపోతే చాలు.

మూడోది, అధ్యాపకుల తీరిక. ఇది మాత్రం గట్టి అభ్యంతరం. వంద మంది రికార్డులు శ్రద్ధగా చదవడమంటే మాటలు కాదు, అది పడేవాడిగా చెబుతున్నాను. కొత్తది చేర్చడానికి ముందు పాతది తీయాలి. రెండో ఏడాది ల్యాబ్ జాబితాలోని ప్రయోగాల్లో మూడో వంతు తీసేయండి. ప్రతి వారం కొత్త ప్రయోగం, ప్రతి వారం అదే "మానవ తప్పిదం" వాక్యం, ప్రతి వారం మన సంతకం. దీనివల్ల ఎవరికీ లాభం లేదు. ఆ ఖాళీలో ఒక్క ప్రయోగాన్ని నాలుగైదు వారాలు సాగనివ్వాలి. ముగ్గురేసి బృందం. ఏం కొలవాలో చెప్పండి, ఎలా కొలవాలో చెప్పకండి. మొదటి వారం ఎవరు ఏం రాసినా మార్కులు వేయకూడదు, ఎర్ర సిరాతో ఒకటి రెండు ప్రశ్నలు రాసి తిరిగి ఇవ్వాలి. "0.2 సెకను అన్నావు, అది ఎలా తెలిసింది?" చాలు. ఆ ప్రశ్నకు సమాధానం వెతుకుతూ వాళ్లు ఒకరి చేతి వేగాన్ని ఒకరు పరీక్షించుకోవడం మొదలుపెడతారు, ఎవరూ చెప్పకుండానే. మార్కులు రెండోసారి తిరిగి రాసినదానికే. అందులోనూ విలువ 9.81కి ఎంత దగ్గరగా ఉందన్నదానికి సున్నా మార్కులు, మొదటిసారి రాసినదాన్ని ఎందుకు మార్చారో చెప్పినదానికి ఎక్కువ. దగ్గరితనానికి మార్కులు వేసినంత కాలం రబ్బరు వాడతారు, అది వాళ్ల తప్పు కాదు.

ఇది ఒక్క అధ్యాపకుడు తన ల్యాబ్‌లో చేసుకోవచ్చు, కొంతమేర. కానీ మార్కుల నిబంధన మారాలంటే శాఖ ఒప్పుకోవాలి, ప్రయోగాల సంఖ్య తగ్గాలంటే సిలబస్ కమిటీ ఒప్పుకోవాలి. ఆ కమిటీల్లో కూర్చున్నవాళ్లను నేను అడిగేది ఒక్కటే. తర్వాతిసారి సిలబస్ ముందు పెట్టుకున్నప్పుడు చివరి ఏడాది ప్రాజెక్టు పేజీని పక్కనపెట్టి, మూడో సెమిస్టర్ పేజీతో మొదలుపెట్టండి. ఆ పేజీలో విద్యార్థి తనంతట తాను తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటైనా ఉందా చూడండి. లేకపోతే, అక్కడికి అది వచ్చేదాకా మిగతా పేజీలు తిప్పకండి.